ముందు ఎదుటివాడి మాట

పక్క దీవిలోని బులిలేకా నుంచి వచ్చిన చెరకు రైతు ఒకాయన మొన్న శనివారం మా రాకిరాకి భజన కూటంలో కూర్చున్నాడు. భజన అయ్యాక ప్రసాదం చేతిలో పెట్టుకుని, యమ్మేగారు పోయారు, మీకు తెలుసా అని అడిగాడు. నాకు తెలియదు. కూటంలో ఉన్న చిన్నవాళ్లకి ఆయనెవరో కూడా తెలియదు. వాళ్లకి చెబుదామని మొదలుపెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆగిపోయాను. ఆయన ఎవరి కొడుకో, ఎందుకు ఓడెక్కాడో నాకు సరిగా తెలియదు. తెలిసిందల్లా ఆయన మాట్లాడే తీరు. అదే రాస్తున్నాను.

పేరు రాయను. గిర్మిట్ మీద, అంటే మేం వేలిముద్రలు వేసిన ఐదేళ్ల కూలి ఒప్పందం మీద, ఆయన వేయించుకున్న పేరు అసలుది కాదు. అసలు పేరు పరీక్ష పాసయ్యాక వాడుకుంటాననేవాడు. ఆ పరీక్ష మద్రాసులో తత్వశాస్త్రంలో ఎం.ఏ. పరీక్ష. ఓడలో మొదటి వారం అందరం ఒకరినొకరు ఏం చేసేవాళ్లమో అడుక్కుంటున్నప్పుడు ఆయన, "ఎం.ఏ. చదువుతున్నాను" అన్నాడు. చదివానని కాదు, మానేశానని కాదు. చదువుతున్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే యమ్మే అనే పేరు పుట్టింది. ఆయన దానికి కోపం తెచ్చుకోలేదు. పిలిస్తే పలికేవాడు.

ఎందుకు వచ్చాడన్నదానికి తలొక కథ చెప్పేవారు. ఇంట్లో గొడవ అన్నారు. ప్రేమ అన్నారు. ఒకసారి నేనే అడిగాను. ఓడెక్కించే ముందు కూలీలని ఉంచే డిపోలో డాక్టరు అరచేతులు తడిమి చూస్తాడని, మెత్తగా ఉంటే వెనక్కి పంపేస్తాడని విని, ముందుగానే బావి దగ్గర చేదతాడు లాగి లాగి చేతులు కాయలు కాయించుకున్నానని చెప్పాడు. నేను అడిగింది అది కాదు. కాని ఆయన అంతే చెప్పాడు.

లంబాసా దగ్గరి చెరకు తోటలో మాకిచ్చిన వరస గదుల్ని లైన్లు అనేవాళ్లం. వాటిలో పెళ్లికాని మగవాళ్లని గదికి ముగ్గురు చొప్పున పెట్టేవారు. మా గదిలో నేను, ఆయన, మాటలు తక్కువైన ఒక గొర్రెల కాపరి. గదుల మధ్య తడికెలు కప్పు దాకా ఉండేవి కావు. ఈ చివర దగ్గితే ఆ చివర వినబడేది. మాది శ్రీకాకుళం వైపు. తాతల నాటి నుంచి మా ఇంట్లో భజన ఉంది. గురువుగారి దగ్గర కూర్చుని పురాణం కంఠతా పట్టినవాణ్ని. అందుకని లైన్లలో శనివారం కూటం నా మీద పడింది. గోనెపట్టా పరిచి, దీపం పెట్టి, మద్దెల లేకపోతే కిరసనాయిలు డబ్బా వాయించి, గోవిందనామం చెప్పుకునేవాళ్లం. యమ్మేగారు ప్రతి శనివారం వచ్చేవాడు. చివరి వరుసలో కూర్చునేవాడు. హారతి పళ్లెం తన దగ్గరికి వస్తే కళ్లకి అద్దుకోకుండా, రెండు చేతులతో ఎంతో మర్యాదగా అందుకుని పక్కవాడికి అందించేవాడు. నాకది మొదట్లో ముల్లులా గుచ్చుకునేది.

ఒక సాయంత్రం అడిగేశాను, మీరు దేవుణ్ని లేడంటారా అని. లేడనలేదన్నాడు. ఉన్నాడంటారా అన్నాను. ఆ మాటా అనలేదన్నాడు. తర్వాత, నువ్వెందుకు ఉన్నాడంటున్నావో చెప్పు అన్నాడు. నేను గురువుగారు నేర్పినట్టు కుండ ఉంటే కుమ్మరి ఉండాలి కదా అంటూ చెప్పుకుపోయాను. ఆయన చివరి దాకా విన్నాడు. విని, ఎడమ అరచెయ్యి నా ముందు చాపి పెట్టాడు.

"ఇది నువ్వు. ఇప్పుడు నీ మాట నేను చెబుతాను. తప్పుంటే ఆపు."

ఇలా చెప్పాడు. మనం ఓడ కింది అరలో వాంతుల మధ్య పడుకున్నాం. ఎటు పోతున్నామో ఎవరికీ తెలియదు. అక్కడ నువ్వు గోవిందా అన్నావు. వినేవాడే లేకపోతే ఆ మాట నీ నోట్లోనే చచ్చిపోవాలి. చావలేదు. పక్కవాడు అందుకున్నాడు, వాడి పక్కవాడు అందుకున్నాడు. ఒకరి ఊరు ఒకరికి తెలియని జనం ఒక పేరు దగ్గర కలిశారు. ఆ పేరు నిజంగా ఒకరిది కాకపోతే అంతమందికీ ఎలా సరిపోయింది?

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా గురువుగారు కూడా నాకు నా నమ్మకాన్ని అంత దగ్గరగా చూపించలేదు. మరి దీనికి మీ జవాబేమిటి అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇంకా చదువుతున్నాను" అన్నాడు.

తడికె అవతల నుంచి ఒక ముసలావిడ గొంతు వినబడింది. "సదువుకోండి బాబూ, సదువుకోండి. పొద్దున్న గంట కొట్టినప్పుడు మిమ్మల్నిద్దర్నీ దేవుడు లేపడు, నానే లేపాల."

ఇప్పటికీ కూటంలో స్వామి గురించి నేను చెప్పే మాటల్లో మంచివి ఆయనవే. నమ్మనివాడి నోట స్వామి తన మాట చెప్పించుకున్నాడని నా నమ్మకం. ఆయనతో ఆ సంగతి అంటే, అదీ మంచి వాదమే అని తల ఊపాడు తప్ప ఒప్పుకోలేదు.

ఎవరితోనైనా ఆయన తీరు అదే. పూర్వపక్షం అంటే ఎదుటివాడి మాట. దాన్ని ముందు చెప్పాలి, వాడికంటే బాగా చెప్పాలి, అవును నా మనసులో ఉన్నది ఇదే అని వాడి చేత అనిపించుకోవాలి. అప్పుడు గాని నీకు జవాబు చెప్పే హక్కు రాదు. మన శాస్త్రాలు రాసిన పెద్దల పద్ధతి అది, మద్రాసులో దొరలు మార్కులు వేసేదీ దానికే అనేవాడు. చెరకులో కలుపు తీస్తూ కూడా పెదవులు కదిపేవాడు. పార ఆగిపోయేది. మా వరస పూర్తి చేసుకుని నేనో, గొర్రెల కాపరో వెళ్లి ఆయన వరస అందుకునేవాళ్లం. ఒకసారి ఒకరి కోడి ఇంకొకరి గదిలో గుడ్డు పెట్టి, ఆ గుడ్డు ఎవరిదని తగవు వచ్చింది. యమ్మేగారు ఇద్దరి మధ్య చతికిలబడి, ముందు ఎడమచేత్తో కోడి యజమాని మాట, తర్వాత కుడిచేత్తో గది యజమాని మాట చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన తీర్పు దాకా వచ్చేసరికి గది యజమాని పెళ్లాం ఆ గుడ్డు కాస్తా పొరటేసి పిల్లలకి పెట్టేసింది. లైన్లంతా వారం రోజులు నవ్వుకున్నాం.

ఆ పద్ధతే ఒకరోజు నరసమ్మ మెడకి చుట్టుకుంది.

నరసమ్మ, ఆమె మొగుడు అప్పన్న మా ఓడలోనే వచ్చారు. ఒక ఓడలో వచ్చినవాళ్లని జహాజీలంటాం. ఇక్కడ రక్తసంబంధం లేనివాళ్లకి అదే చుట్టరికం. అందుకని నరసమ్మ యమ్మేగారిని అన్నా అని పిలిచేది. మా అందరి గిర్మిట్ ఒకే రోజున తీరాలి. అప్పన్న అప్పటికే బులిలేకాలో కౌలుకి కాస్త నేల మాట్లాడుకుని, ఆదివారాలు వెళ్లి ఒక గుడిసె లేపుకుంటున్నాడు. ఆ గుడిసెకి తలుపు ఎటు ఉండాలన్నదే అప్పుడు నరసమ్మ మాట్లాడే మాట.

మా సర్దారు కూడా తెలుగువాడే. మాకంటే ముందు వచ్చి, గిర్మిట్ తీరి, చేతికి కర్ర వచ్చినవాడు. రోజు పని గొలుసుతో కొలిచి ఇచ్చేవాడు. దాన్ని టాస్కు అనేవాళ్లం. నరసమ్మ మీద వాడి కన్ను పడిందని ఆడవాళ్లందరికీ తెలుసు. ఆమె లొంగలేదు. లొంగని కొద్దీ ఆమె టాస్కు పొడుగయ్యేది. ఒక మధ్యాహ్నం ఆమె పార అక్కడే పడేసి, ఇది ఒక మనిషి చేసే పని కాదని లైన్లకి వచ్చేసింది. పని మధ్యలో వదిలేసినందుకు కంపెనీ ఆమెని లంబాసా కోర్టుకి లాగింది.

జైలు పడితే పడింది, నెలో అరో. భయం దానికి కాదు. జైల్లో ఉన్న రోజులు, పనికి రాని రోజులు అన్నీ గిర్మిట్‌కి కలుస్తాయి. మొగుడు విడుదలై వెళ్లిపోతాడు. విడుదలైనవాణ్ని లైన్లలో ఉండనివ్వరు. ఆమె ఒక్కతే ఆ సర్దారు కింద, ఆ తడికెల మధ్య మిగిలిపోతుంది. అదీ భయం.

కోర్టులో దుబాసీకి హిందూస్తానీ తప్ప రాదు. నరసమ్మకి తెలుగు తప్ప రాదు. ఇంగ్లీషు వచ్చిన జహాజీ ఉన్నాడని, ఆయన్ని మాట్లాడనివ్వమని అడిగితే మేజిస్ట్రేటు దొర ఒప్పుకున్నాడు. మేం కొందరం వెనక నిలబడి చూస్తున్నాం. స్వామి మాటే అంత బాగా చెప్పినవాడు నరసమ్మ మాట ఇంకెంత బాగా చెబుతాడో అని నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

మా తోట మీది తెల్లదొరని కులంబరు అంటాం. అతను రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. యమ్మేగారు లేచాడు. ఎడమ అరచెయ్యి చాపాడు. ఇంగ్లీషు నాకు రాదు గాని ఆ చెయ్యి చూసి ఏం చేస్తున్నాడో నాకు తెలియాల్సింది. తెలియలేదు. మాట ఏటి నీళ్లలా నడుస్తోంది. దొర ముందు కలం ఆపాడు, తర్వాత ముందుకి వంగి విన్నాడు, తర్వాత నవ్వుతూ రాసుకున్నాడు. మేం గెలిచామనుకున్నాం. అప్పన్న నా చెయ్యి పట్టుకుని నొక్కాడు.

యమ్మేగారు ఎడమచెయ్యి దించి కుడిచెయ్యి ఎత్తబోయాడు. దొర అప్పటికే తీర్పు చెబుతున్నాడు. బంట్రోతు వచ్చి యమ్మేగారిని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆయన మళ్లీ లేచి ఏదో అన్నాడు. ఆ ఒక్క మాటకి అర్థం తర్వాత ఆయనే చెప్పాడు. "నేనింకా మొదలుపెట్టలేదు" అన్నాడట.

అప్పటిదాకా ఆయన చెప్పినదంతా ఎదుటివాళ్ల మాటే. చెరకు ఎవరి కోసమూ ఆగదని, ఒకరు పని వదిలితే ఆ బరువు పక్క మనిషి మీద పడుతుందని, ఒప్పందానికి విలువ లేకపోతే కూలివాడికి కూడా రక్షణ లేదని, ఇలా కంపెనీ తరఫున ఎవరికీ తోచనంత చక్కగా చెప్పాడు. నిందితురాలి మనిషే ఇంత నిజాయితీగా ఒప్పుకున్నాక ఇక విచారించేదేముంది అన్నాడట దొర. నరసమ్మకి నెల రోజుల జైలు. వాళ్లు తీసుకుపోతుంటే ఆమె వెనక్కి తిరిగి, ఏమైందో తెలియక మా మొహాలు చూసింది.

ఆమె జైలు నుంచి వచ్చిన శనివారం కూటంలో దీపం పెట్టకముందే గొడవ మొదలైంది. ఆయన చదువు దొరలకి పనికొచ్చింది గాని మనకి రాలేదని ఒకరు, హారతి ముట్టనివాణ్ని నమ్మితే ఇంతేనని ఒకరు. కూటంలోకి రానివ్వొద్దని అందరూ నా వైపు చూశారు. యమ్మేగారు చివరి వరుసలో తల దించుకుని ఉన్నాడు. కూటం ఒకరిని బయటికి పంపితే అది స్వామి పంపినట్టే అని మా గురువుగారు చెప్పేవారు. ఆ మాట నా నాలుక మీద ఉంది. ఈలోగా నరసమ్మ ఆడవాళ్ల వైపు నుంచి లేచింది.

"అన్నా, ఆళ్ల మాట సెప్పేవు. ఇన్నాను. నా మాట కూడా ఉందన్నావు గదా. అదేటో ఇక్కడ సెప్పు. నా మాట ఎలాగుంటాదో నానూ ఇనాల."

ఆయన లేచాడు. కుడిచెయ్యి ఎత్తాడు. మళ్లీ దించేశాడు.

"నీ మాట ఇక్కడ చెబితే నీకు ఒరిగేదేమీ లేదమ్మా. నా తప్పు చెప్పాలి. కులంబరు రెండు ముక్కలే చెప్పాడు. ఆ రెండింటికీ బలం లేదు. లేని బలం నేను తెచ్చి ఇచ్చాను. ఎదుటివాడి మాట ముందు చెప్పమన్న పెద్దలు చాప మీద ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. ఒకడు కుర్చీలో కూర్చుని ఒకరు బోనులో నిలబడ్డ చోట అది చెప్పమనలేదు. ఈ సంగతి నేను చదవలేదు."

నేను దీపం వెలిగించాను. ఆ రోజు ఆయన్ని ఎవరూ లేపి పంపలేదు. నరసమ్మ మాత్రం కూర్చోకుండా, "మరి నా సంగతేటి?" అంది.

మా గిర్మిట్ తీరింది. అప్పన్న చాపలు, కుండలు మోసుకుని బులిలేకా వెళ్లాడు. నేను, యమ్మేగారు లైన్ల బయట ఒక పాకలోకి మారాం, నేను రోజుకూలికి తోటకి వెళ్లేవాణ్ని. నరసమ్మ లైన్లలో మిగిలింది. తడికె అవతలి ముసలావిడ తన చాప తెచ్చుకుని ఆమె గదిలో పడుకునేది. యమ్మేగారు మద్రాసు తిరిగి వెళ్లడానికి ఏర్పాటు చేసుకున్నాడు. ఆ ఏడాది పరీక్షకి అందాలంటే లంబాసాలో చిన్న స్టీమరెక్కి, సువాలో పెద్ద ఓడ అందుకోవాలి. సరిగ్గా ఆ స్టీమరు రోజునే కూలీల బాగోగులు విచారించే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు మా తోటకి వస్తాడని తెలిసింది. మళ్లీ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు.

ఆయన స్టీమరు దగ్గరికి వెళ్లలేదు. నాతో ఏమీ చెప్పలేదు కూడా. పొద్దున్నే తోటకి వెళుతుంటే పక్కన నడుస్తున్నాడు, అంతే.

ఇన్‌స్పెక్టరు కులంబరు బంగళా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. యమ్మేగారు నరసమ్మని తీసుకెళ్లి, ఏదైనా చెప్పేముందు ఆమెకి ఒక పీట కావాలని అడిగాడు. ఇన్‌స్పెక్టరు వింతగా చూసి, తెప్పించాడు. నరసమ్మ దాని అంచు మీద, ఎవరైనా లాగేస్తారేమో అన్నట్టు కూర్చుంది. యమ్మేగారు చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. చాలా కొద్ది మాటలు మాట్లాడాడు. గొలుసు సంగతి, సర్దారు సంగతి, మొగుడు ఎక్కడున్నాడన్న సంగతి. ఇంకేమీ లేదు. దీనికి సర్దారు ఏమంటాడని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"అతను అక్కడే ఉన్నాడు. అతనికి నోరుంది, కర్ర ఉంది, వెనక కంపెనీ ఉంది. అతన్నే అడగండి" అన్నాడట యమ్మేగారు.

అడిగారు. సర్దారు తడబడ్డాడు. ఆడవాళ్లని ఒక్కొక్కరినే పిలిచి అడిగితే అందరూ గొలుసు సంగతే చెప్పారు. చివరికి నరసమ్మ మిగిలిన రోజులు బులిలేకా వైపు పొలాల్లో పని చేయవచ్చని, మొగుడి ఇంట్లోనే ఉండవచ్చని ఇన్‌స్పెక్టరు రాసిచ్చాడు. సర్దారుని ఏమీ అనలేదు. అంతవరకే మాకు దొరికిన న్యాయం.

ఆ మధ్యాహ్నమే అప్పన్న బండి తెచ్చాడు. నరసమ్మ మూట బండిలో పెడుతుంటే సర్దారు కర్ర ఆడించుకుంటూ వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"ఏరా యమ్మే, కోడి మాట కూడా సెప్పేవాడివి. అందరి మాటా ముందు సెప్తావు. నా మాట ఒక్కటీ సెప్పలేదేటి?"

ఎగతాళికే అన్నాడు. కాని యమ్మేగారి మొహం పాలిపోయింది. స్టీమరు పోయిందని తెలిసినప్పుడు కూడా నేను ఆ మొహం అలా చూడలేదు. ఆయన బండి వైపు చూస్తూనే జవాబిచ్చాడు.

"మీ మాటా ఉంది సర్దారుగారూ. చెబుతాను. ఆమె బండెక్కనివ్వండి."

నరసమ్మ బండెక్కింది. బండి చెరకు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆయన కదల్లేదు. తర్వాత లైన్ల ముందున్న మెట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. సర్దారు నవ్వుతూనే కూర్చున్నాడు. యమ్మేగారు ఎడమ అరచెయ్యి అతని ముందు చాపాడు.

నువ్వు కూడా మాలాగే ఆ ఓడల్లో వచ్చినవాడివి అన్నాడు. మొదటి ఏడాది కులంబరు చేతి దెబ్బలు తిన్నావు, ఆ మచ్చ మెడ మీద ఇంకా ఉంది. నీ పెళ్లాం నిన్ను వదిలి ఇంకొకరితో పోయింది, లైన్లంతా నవ్వింది. కర్ర చేతికొచ్చాకే ఆ నవ్వు ఆగింది. టాస్కు తక్కువైతే నిన్నే పిలిచి తిడతారు, ఎక్కువైతే ఎవరూ అడగరు. కర్ర దించితే మళ్లీ నవ్వుతారని నీ భయం. ఇలా చెప్పుకుపోయాడు. సర్దారు నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. చూసేసరికి అతను నేల చూస్తున్నాడు. దీంట్లో తప్పుందా అని యమ్మేగారు అడిగితే, లేదన్నట్టు తల ఊపాడు.

"ఇక జవాబు" అన్నాడు యమ్మేగారు, కుడిచెయ్యి ఎత్తి.

సర్దారు లేచి పోతాడనుకున్నాను. అతను కర్ర మెట్టు కింద నేల మీద పెట్టి, "సెప్పు" అన్నాడు.